అడవిపిల్లుల రక్తములోని క్రిములు

మనుష్యునకు జ్వరము వచ్చినచో వైద్యునియొద్దకు పోవును. ఎద్దు మేత మానినచో రైతు దానిని పశువైద్యశాలకు తోలుకొనిపోవును. అడవిలో తిరుగు పిల్లికి జబ్బుచేసినచో చూచువారెవరు? అది పొదలో దాగును. కోలుకొన్నచో వెలుపలికి వచ్చును, లేనియెడల అచ్చటనే మరణించును. అందుచేతనే చిన్న అడవిపిల్లుల వ్యాధులనుగూర్చి లోకమునకు తెలిసినది స్వల్పము. అయినను నూరు సంవత్సరములకు పైగా శాస్త్రజ్ఞులు వాని రక్తమును సూక్ష్మదర్శినితో పరిశీలించి కొన్ని సంగతులు కనిపెట్టియున్నారు. ఆ సంగతులు మన యిండ్లకును, మన చేలకునుగూడ సంబంధించినవి గనుక ఇచ్చట వివరింపబడుచున్నవి.

పులిని, చిరుతపులిని ఎఱుగనివారు లేరు. వాని కుటుంబమునకే చెందిన చిన్న పిల్లులను మాత్రము మనము అంతగా గుర్తింపము. చేలగట్లయందును, కాలువల యొడ్డున పెరిగిన తుంగలోను తిరుగుచు ఎలుకలను పట్టి తినునది అడవిపిల్లి. దీనికి కాళ్లు పొడవు, తోక పొట్టి. మన హొళగుంద, ఆదోని ప్రాంతములవంటి మెట్టపొలములును, ముళ్లపొదలును దీనికి అనుకూలమైన తావులు. నల్లమల అడవులయందు తుప్పురంగు మచ్చలుగల మఱియొక పిల్లి యున్నది. దాని తూకము ఒకటి మొదలు ఒకటిన్నర కిలోల మాత్రమే. లోకములోని పిల్లులన్నిటిలో మిక్కిలి చిన్నవానిలో ఇది యొకటి. పుదుచ్చేరినుండి చేరిన నమూనానుబట్టి 1831లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడొకడు దీనిని లోకమునకు వర్ణించి చెప్పెను. గోదావరి ముఖమున కోరింగ మడ అడవులలో చేపలను వేటాడు బావురుపిల్లి గలదు. ఈ బావురుపిల్లి ప్రపంచమంతటను అపాయస్థితిలో నున్నట్టు ఎంచబడినది. మచ్చలపిల్లి ఆ స్థితికి చేరువలో నున్నది.

ఇక రక్తముమాట. రక్తము కంటికి ఎఱ్ఱని నీటివలె కనబడినను అందులో లెక్కకు మిక్కిలియగు కణములు తేలుచుండును. ఆరోగ్యముగల పిల్లి రక్తమున ఒక ఘన మిల్లీమీటరులో ఎఱ్ఱకణములు సుమారు 50 లక్షలు మొదలు కోటివరకు ఉండును. ఊపిరితిత్తులనుండి ప్రాణవాయువును శరీరమంతటికి మోయునవి ఇవియే. మనుష్యుని ఎఱ్ఱకణము సుమారు 120 దినములు బ్రదుకగా పిల్లి కణము సుమారు 70 దినములే బ్రదుకును. కావున ఎముకలలోని మజ్జ క్రొత్త కణములను ఎడతెగక తయారుచేయవలెను. కణములు నశించుట హెచ్చినను, తయారగుట తగ్గినను రక్తహీనత కలుగును. అప్పుడు చిగుళ్లు పాలిపోవును, ఆయాసము పుట్టును, పరుగు తగ్గును. పరుగెత్తలేని పిల్లికి వేట లేదు. వేట లేనిచో తిండి లేదు. తిండి లేనిచో మజ్జకు క్రొత్త కణములను చేయు శక్తి లేదు. ఇట్లు ఒక లోపము మఱియొక లోపమును తెచ్చి తుదకు ప్రాణమును తీయును.

రక్తములో క్రిములుండి దానిని పాడుచేయగలవని తెలిసికొనిన చరిత్రలో తెలుగుసీమకు గొప్ప స్థానమున్నది. 1897వ సంవత్సరము ఆగష్టు 20వ తేదిన సికిందరాబాదులో రోనాల్డు రాస్ అను సైనికవైద్యుడు దోమ కడుపులో చలిజ్వరపు క్రిమిని చూచెను. రక్తమును త్రాగు పురుగు ఒక ప్రాణినుండి మఱియొక ప్రాణికి వ్యాధిని చేర్చుననుటకు ఇది గట్టి ఆధారమయ్యెను. అందులకై ఆయనకు 1902లో నోబెల్ బహుమానము లభించినది. పిమ్మట అనేకులు జంతువుల రక్తమును శోధింప మొదలిడిరి. ఒక బిందువు రక్తమును గాజుపలకపై పలుచగా పూసి, ఆరబెట్టి, రంగునీటిలో ముంచి సూక్ష్మదర్శినిక్రింద నుంచినచో కణములును, వానిలో దాగిన క్రిములును స్పష్టముగా కనబడును. 1905లో మనదేశపు కుక్కల తెల్లకణములయందు ఒక క్రిమి వర్ణింపబడినది. 1907లో క్రిస్టఫర్స్ అను వైద్యుడు ఆ క్రిమి పిడుదు శరీరములో పెరుగు విధమును తెలిపెను. 1908లో పాటన్ అను వైద్యుడు అదే జాతి క్రిమిని మనదేశపు పెంపుడుపిల్లి రక్తమున కనుగొనెను. ఆ క్రిమికే ఇప్పుడు హెపటోజూన్ ఫెలిస్ అని పేరు. 1929లో సూడాన్ దేశపు అడవిపిల్లి ఎఱ్ఱకణములలో బబీసియా ఫెలిస్ అను మఱియొక క్రిమి వర్ణింపబడెను.

హెపటోజూన్ జాతి వ్యాపించు విధము విచిత్రమైనది. దోమ కుట్టుటచే చలిజ్వరము వచ్చును గదా! కుక్కలలోని హెపటోజూన్ అట్లుగాక, పిడుదు కుట్టుటవలన గాక కుక్క ఆ పిడుదును మ్రింగుటవలన లోపల ప్రవేశించును. ఒడలు నాకుకొనునపుడు పిడుదు నోటిలో పడును; కడుపులో అది నలిగి క్రిములు వెలువడి రక్తమున కలియును. పిల్లులలోని క్రిమి మాంసపు కండలలోను, గుండె కండలోను గూడుకట్టుకొని, ఒక దశలో తెల్లకణములయందు చేరును. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు మనదేశపు అడవి పిల్లిజాతి, కుక్కజాతి జంతువుల రక్తమును పరీక్షించి, ఈ హెపటోజూన్ క్రిములు వానిలో నున్నవని 2012లో ప్రకటించిరి.

అయినచో క్రిమి యున్న ప్రతి పిల్లియు చచ్చునా? చావదు. ఈ సంగతిని విద్యార్థులు బాగుగా గ్రహింపవలెను. ఆశ్రయమిచ్చిన జంతువు చచ్చినచో క్రిమికిని నిలువ నీడ లేదు. తరతరములుగా కలిసి బ్రదికిన క్రిమియు జంతువును ఒకవిధమగు సర్దుబాటునకు వచ్చును. అమెరికాలో బాబ్‌క్యాట్ అను అడవిపిల్లి రక్తమున సైటాక్స్‌జూన్ అను క్రిమి యుండును. దానివలన ఆ పిల్లికి సామాన్యముగా పెద్ద హాని లేదు. అదే క్రిమి పిడుదు ద్వారా ఇంటిపిల్లికి సోకినచో కొద్ది దినములలోనే ప్రాణము తీయవచ్చును. కావున వ్యాధియనునది క్రిమియొక్క గుణము మాత్రమే కాదు. అది ఎవరిలో, ఏ స్థితిలో ప్రవేశించినదనుటపై ఆధారపడియుండును. ఆకలి, ఇతర వ్యాధి, తావు కోల్పోవుట అను మూడు కారణములు కలిసినపుడు అంతవరకు ఊరకుండిన క్రిమియు శత్రువగును.

సంఖ్య తగ్గిన జాతికి ఈ అపాయము రెట్టింపు. జపాను దేశమున ఇరియోమోటె దీవిలో ఒక పిల్లిజాతి సుమారు నూరు మాత్రమే మిగిలియున్నది. వానిలోగూడ హెపటోజూన్ కనబడినది. ఊరిపిల్లులనుండి వానికి వ్యాధులు సోకకుండుటకై ఆ దీవిలో పెంపుడుపిల్లులను నమోదు చేయించు నియమమున్నది. స్పెయిను దేశములో ఐబీరియన్ లింక్స్ అను పిల్లిజాతి 2002 నాటికి నూటికి లోపుగా తగ్గిపోయెను. 2007లో దొన్యానా అను ప్రదేశమున పిల్లులకు రక్తహీనతను, రక్తపు క్యాన్సరును కలిగించు ల్యుకీమియా విషాణువు వానికి సోకి కొన్ని చచ్చినవి. అధికారులు వెంటనే వ్యాధిగలవానిని వేఱుచేసి, ఆరోగ్యముగలవానికి టీకాలు వేయించి జాతిని నిలిపిరి. ఇతర యత్నములుగూడ ఫలించి నేడు ఆ జాతి రెండువేలకు మించినది. జాగ్రత్తతో కూడిన ప్రయత్నము వ్యర్థము కాదనుటకు ఇది నిదర్శనము.

రక్తమునకు క్రిములే కాక మనుష్యుడు చేయు కీడును కలదు. ఎలుకలను చంపుటకు అమ్మబడు కొన్ని మందులు రక్తము గడ్డకట్టు గుణమును హరించును. విషము తిన్న ఎలుక వెంటనే చావక కొన్ని దినములు మందముగా తిరుగును. అట్టిదానిని పట్టుట పిల్లికి సులభము. విషము పిల్లి శరీరమున చేరి కూడుకొనును. చిన్న గాయమైనను నెత్తురు ఆగదు. తన చేనిలోని ఎలుకలను ఉచితముగా పట్టిపెట్టు సేవకుని రైతు తన చేతితోనే చంపుకొన్నట్లగును.

మనము చేయదగిన పనులు కష్టమైనవి కావు. ఇంటి పిల్లులకును, కుక్కలకును పశువైద్యుడు చెప్పిన టీకాలు వేయింపవలెను. పిడుదులను తీయించుచుండవలెను. అయితే కుక్కలకు వాడు పెర్మెత్రిన్ కలిసిన మందును పిల్లికి ఎన్నడును పూయరాదు. అది పిల్లికి ప్రాణాంతకము. విషము తిని చచ్చిన ఎలుకలను లోతుగా పూడ్చవలెను. చేలో పిల్లికూనలు కనబడినచో తల్లి విడిచినదని తలచి ఇంటికి తేరాదు. తల్లి వేటకు పోయియుండును. అడవిపిల్లిని తాకరాదు, తరుమరాదు. అది కఱచినచో గాయమును సబ్బుతో బాగుగా కడిగి వెంటనే వైద్యశాలకు పోవలెను. ఈ జంతువులను పట్టుటయు, చంపుటయు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషేధింపబడినవి.

తల్లిదండ్రులు ఈ సంగతులను పొలమున పనిచేయువారికి తెలియజేయుదురుగాక. రోగముచే పడిన అడవిపిల్లికి మందిచ్చుట మనవలన కాకపోవచ్చును. మన యింటినుండి రోగము దానికి పోకుండ చూచుట మాత్రము మనవలన అగును. ఇంటిపిల్లి ఒడలు శుభ్రముగా నున్నచో, చేనిగట్టున విషము లేకున్నచో, పొదలమాటున తిరుగు ఆ చిన్న ప్రాణికి సగము వైద్యము జరిగినట్లే.