పిలిస్తే పలకని పిల్లవాడు మొండివాడేనా?



టీచరుగా చేరిన మొదటి ఏడాది ఒక బాబు ప్రోగ్రెస్ కార్డులో "మొండి, మాట వినడు" అని రాశాను. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు. ఆటల పీరియడ్‌లో ఒక్కడే కూర్చుని బొమ్మకారు చక్రం తిప్పుకునేవాడు. బెల్లు మోగితే చెవులు మూసుకునేవాడు. తర్వాత విశాఖపట్నంలో పరీక్షలు చేయించారు. ఆటిజం అని తేలింది. వాళ్లమ్మ నన్ను అడిగింది ఒక్కటే: "మేడమ్, ఇది నావల్లేనా?"

కాదమ్మా. ఈ వ్యాసం ఆ జవాబు కోసమే.

ఆటిజం ఎందుకు వస్తుంది?

ఆటిజం అంటే మెదడు ఎదుగుదలలో ఉండే తేడా. చాలావరకు పుట్టకముందే మొదలవుతుంది. ఎన్నో జన్యువుల ప్రభావం ఇందులో ఉంటుంది. తల్లిదండ్రుల వయసు ఎక్కువ కావడం, బిడ్డ నెలలు బాగా తక్కువగా పుట్టడం వంటివి అవకాశాన్ని కొంత పెంచుతాయి. పెంపకం లోపం వల్ల ఇది రాదు. తల్లి ప్రేమ చాలకే వస్తుందని ఒకప్పుడు అమెరికాలో డాక్టర్లే అన్నారు. ఆ మాట తప్పని ఎప్పుడో తేలిపోయింది.

ఎంతమందిలో ఉంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రతి 127 మందిలో ఒకరికి ఆటిజం ఉంది. మన దేశంలో హైదరాబాద్ సహా ఐదు ప్రాంతాల్లో చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. అందులోనూ సుమారు నూటికి ఒక పిల్లవాడిలో కనిపించింది. ఆడపిల్లల్లో గుర్తించడం తరచుగా ఆలస్యమవుతుంది.

మనం తరచుగా వినే అపోహలు

"ఇంట్లో ఒడియా, బజార్లో తెలుగు, స్కూల్లో ఇంగ్లిష్. అందుకే మాట రాలేదు." మన మన్యంలో ఇది ఎక్కువగా వింటాం. రెండు మూడు భాషలు వినడం వల్ల ఆటిజం రాదు. ఇంటి భాష మానేయకండి. అమ్మ మనసుతో మాట్లాడే భాషే బిడ్డకు మొదటి ఆసరా.

"వాళ్ల నాన్న కూడా నాలుగేళ్లకే మాట్లాడాడు." ఈ మాటతోనే విలువైన కాలం గడిచిపోతుంది.

"టీకాల వల్ల వచ్చింది." 1998లో లాన్సెట్ పత్రికలో 12 మంది పిల్లల గురించి వచ్చిన ఒక వ్యాసం ఈ భయానికి మూలం. 2010లో ఆ పత్రికే దాన్ని ఉపసంహరించుకుంది. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షల మందికి పైగా పిల్లలను పరిశీలించి, 2019లో సంబంధం లేదని తేల్చారు.

"ఫోన్ చూసి ఇలా అయ్యాడు." ఫోన్ తగ్గించాల్సిందే, అది మాటకూ నిద్రకూ చేటు. అయితే ఆటిజానికి అదే కారణమని రుజువు కాలేదు.

"గాలి సోకింది, దిష్టి తగిలింది." తాయెత్తు కట్టించుకోవడం మీ నమ్మకం. దానికోసం పరీక్ష మాత్రం వాయిదా వేయకండి.

ఏం గమనించాలి? ఏం చేయాలి?

ఏడాది నిండినా పేరు పిలిస్తే చూడకపోవడం, నచ్చినదాన్ని వేలితో చూపించకపోవడం, రెండేళ్లకూ రెండు పదాలు కలిపి అనకపోవడం, వచ్చిన మాటలు పోవడం. వీటిలో ఏది కనిపించినా ముందుగా వినికిడి పరీక్ష చేయించి, పిల్లల డాక్టరుకు చూపించండి. అంగన్‌వాడీ వయసు పిల్లలుంటే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం వచ్చినప్పుడు అడగండి. ఆటిజాన్ని మాయం చేసే మందు లేదు. ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ ఎంత త్వరగా మొదలైతే అంత మేలు.

స్కూలుకు చెబితే పంపించేస్తారేమోనని దాచవద్దు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న పాఠశాలలు వివక్ష లేకుండా చేర్చుకుని, తోటి పిల్లలతో కలిపి చదివించేలా చూడాలని ఆ చట్టం చెబుతోంది.

మిగతా తల్లిదండ్రులకూ ఒక విన్నపం. "మా పాపను ఆ బాబు పక్కన కూర్చోబెట్టకండి" అనకండి. ఆటిజం అంటువ్యాధి కాదు. పుట్టినరోజుకు క్లాసందరినీ పిలిచినప్పుడు ఆ బాబునూ పిలవండి.

ఇప్పుడు నేను కార్డుల్లో "మొండి" అని రాయడం లేదు. "పిలిస్తే పలకడం లేదు, ఒకసారి మాట్లాడుకుందాం" అని రాస్తున్నాను. అలాంటి మాట మీకు అందితే కంగారు పడకండి, ఆలస్యమూ చేయకండి. వచ్చి మాట్లాడండి.