చేరవలసిన చోటు

గొల్లపల్లిలోఁ జేసిన బొబ్బిలి వీణ కొన్నినాళ్లు కొట్టులోనే యున్నను, దాని చీటిమీఁద వ్రాయవలసినది కొట్టు పేరు కాదు, చేరవలసిన యింటి పేరు. ఈ చిన్నమాట మఱచి మేము రెండు దినములు శ్రమపడితిమి.

నాగావళి నీటిమట్టమును గొలుచుటకై వానలకు ముందే యొక చిన్న యంత్రమును సిద్ధపఱచఁ దలఁచితిమి. దాని ప్రాసెసరు ఆర్మ్ జాతిది. మా కంప్యూటరు ఇంటెల్ జాతిది. ఒకదానిపైఁ గూర్చి వేఱొకదానిపై నడపుటను క్రాస్ కంపైలింగు అందురు. కూర్పు నిరాటంకముగ ముగిసెను. యంత్రములో మాత్రము లైబ్రరీ తన కాన్ఫిగరేషన్ ఫైలు కానక నిలిచిపోయెను.

కారణ మరయఁగా, ‘ప్రిఫిక్స్’ అనుచోట మా కంప్యూటరులోని ఫోల్డరు దారిని వ్రాసియుంటిమి. ఆ దారియే లైబ్రరీలో ముద్రపడెను. చిన్న యంత్రములో నట్టి దారి లేదు.

కావున ప్రిఫిక్స్‌లో యంత్రమందలి దారిని, అనఁగా ‘/యూఎస్ఆర్’ వంటిదానిని, వ్రాయవలెను. తాత్కాలికముగ నుంచు ఫోల్డరును ఇన్‌స్టాల్ చేయునపుడు ‘డెస్ట్‌డిర్’ ద్వారా తెలుపవలెను. పాత కూర్పును తుడిచి మరలఁ గూర్పవలెను. లేనిచోఁ బాతదారియే మిగులును. పిదప ఆ ఫోల్డరులోని వానిని యంత్రపు మూలఫోల్డరునకుఁ జేర్పవలెను. మే మట్లు చేయఁగా యంత్రము పనిచేసెను.

విద్యార్థులారా, ఇట్టి తప్పు కనఁబడినపుడు ‘ఎక్కడ నుంచితిమి?’ అనుటకు ముందు ‘ఇది యెక్కడఁ బనిచేయవలెను?’ అని యడుగుఁడు.