మెదడు చిత్రం – జన్యు లిపి

వార్ధక్యంలో మతిమరుపు సహజమేనని లోకం చాలాకాలం సరిపెట్టుకుంది. 1906లో జర్మన్ వైద్యుడు అలోయిస్ ఆల్జీమర్, మతి కోల్పోయి మరణించిన ఒక స్త్రీ మెదడును సూక్ష్మదర్శినిలో పరిశీలించి, అందులోని ఫలకాలనూ నారపోగుల చిక్కులనూ వర్ణించారు. నేడు వాటి జాడను జీవించి ఉన్నవారిలోనే పెట్ స్కాన్ చూపుతున్నది. స్వల్ప రేడియోధార్మికత గల ద్రవ్యం రక్తం ద్వారా మెదడుకు చేరి, ఫలకాలలోని అమిలాయిడ్ అనే మాంసకృత్తికి అంటుకొని దాని ఉనికిని తెలుపుతుంది. చిక్కులలోని టౌ అనే మాంసకృత్తిని చూపే ద్రవ్యాలు వేరు.

అయితే చిత్రం జరిగినదానిని చూపగలదు గాని, కారణాన్ని చెప్పలేదు. అందుకు జన్యువులను చదవాలి.

కొలంబియా దేశంలోని ఆంటియోకియా కొండసీమలో ఒక పెద్ద వంశమున్నది. ప్రెసెనిలిన్-1 జన్యువులోని ఒక మార్పు వారికి తరతరాలుగా సంక్రమిస్తూ, నలభై దాటిన కొద్ది ఏళ్లకే జ్ఞాపకశక్తిని హరిస్తున్నది. స్థానికులు దీనిని ‘లా బోబెరా’, అనగా వెర్రితనం, అన్నారు. కొందరు శాపమనీ నమ్మారు. డాక్టర్ ఫ్రాన్సిస్కో లోపెరా 2024లో మరణించేవరకు, దశాబ్దాలపాటు ఆ కుటుంబాలను పరిశీలించారు.

ఆ వంశంలో ఒక స్త్రీకి ఈ మార్పు ఉన్నప్పటికీ డెబ్బై ఏళ్ల వరకు మతి సడలలేదు. ఆమె మెదడు చిత్రం శాస్త్రజ్ఞులను విస్మయపరచింది. అమిలాయిడ్ విపరీతంగా పేరుకున్నది. టౌ మాత్రం స్వల్పమే! జన్యు పరీక్ష జరుపగా, ఏపీఓఈ అనే మరొక జన్యువులో ‘క్రైస్ట్‌చర్చ్’ అనే అరుదైన మార్పు తల్లిదండ్రులిరువురి నుండీ ఆమెకు సంక్రమించినట్లు తేలింది. ఈ విషయం 2019లో వెల్లడైంది. ఒక్కరిని చూచి సిద్ధాంతం చేయరాదు కదా! పరిశోధకులు ఆ వంశంలోనే మరింత వెదికారు. ఆ మార్పు ఒకే ప్రతిగా గల 27 మందిలో వ్యాధి లక్షణాలు సుమారు ఐదేళ్లు ఆలస్యంగా పొడసూపినట్లు 2024లో ప్రకటించారు.