హీరో పుట్టినరోజు నోటికొచ్చు... మరి అమ్మది?

ముందుగా పాఠకులకు ఓ చిన్న పరీక్ష. పక్కవాణ్ణి అడక్కుండా జవాబు చెప్పాలి సుమా!

మే 28 ఎవరి పుట్టినరోజు? ఎన్టీ రామారావుగారిది. సెప్టెంబరు 20? అక్కినేని నాగేశ్వరరావుగారిది. మే 31? సూపర్‌స్టార్ కృష్ణది. ఆగస్టు 9? ఆయన కొడుకు మహేష్‌బాబుది. ఆగస్టు 22? ఇదీ ఒక ప్రశ్నేనా అని మెగా అభిమానులు నా మీదికి వచ్చేట్టున్నారు! అక్టోబరు 23 అనేలోపే వెనక బెంచీలోంచి ‘ప్రభాస్’ అని కేక. శభాష్! నూటికి నూరు మార్కులు.

ఇక ఆఖరి ప్రశ్న. మీ అమ్మగారి పుట్టినరోజు ఎప్పుడు?

ఏం... గొంతులో వెలక్కాయ పడిందా? సిగ్గుపడకండి. మొన్న మొన్నటిదాకా ఈ రాసేవాడి పరిస్థితీ అదే. సినిమాల మీద నాలుగు ముక్కలు రాసుకుని బతికేవాణ్ణి కనక, తారల పుట్టినరోజుల పట్టిక నా డైరీ మొదటి పేజీలోనే ఉంటుంది. ఎవరి పుట్టినరోజుకి వారం ముందు ఏ వ్యాసం రాయాలో ఆ పట్టిక చెబుతుంది. అందులో మా అమ్మ పేరు లేదు.

సిరిమాను నాటి పుట్టుక

మాది విజయనగరం. మా అమ్మ సిరిమాను నాడు పుట్టింది. విజయదశమి వెళ్ళాక వచ్చే మంగళవారం మా ఊళ్ళో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. పొడుగాటి మాను చివర పూజారి కూర్చుంటాడు. మూడు లాంతర్ల దగ్గరి గుడికీ కోటకీ మధ్య ఆ మాను మూడుసార్లు తిరుగుతుంది. ఆ వేళ ఊళ్ళో ఇసక వేస్తే రాలదు. ఏ ఇంట చూసినా చుట్టాలే.

మా ఇంటా అంతే. సాలూరు నుంచి పెద్దమ్మ వాళ్ళు, పార్వతీపురం నుంచి మావయ్య వాళ్ళు, వాళ్ళ పిల్లలూ. అందరం మేడమీదికెక్కి సిరిమాను చూసేవాళ్ళం. కిందికి దిగేసరికి విస్తళ్ళు పరిచి ఉండేవి. కందా బచ్చలి కూర, పులిహోర, పాయసం. అవన్నీ ఎవరు వండారు? అమ్మ. ఆ రోజు ఎవరి పుట్టినరోజు? అమ్మది! ఈ రెండు ప్రశ్నలూ పక్కపక్కన పెట్టి చూడాలని మాకెవ్వరికీ ఏనాడూ తోచలేదు.

సర్టిఫికెట్టులో ఉన్న తేదీ జూలై 1. బళ్ళో చేర్చిననాడు పంతులుగారు వేసిన తేదీ అది. ఆ తరంలో సగం మంది జూలై 1నే పుట్టినట్టు రికార్డులు చెబుతాయి కదా!

ఈసారి బెంగుళూరులో ఉద్యోగం చేసే నా చెల్లెలు పట్టుబట్టి పాత పంచాంగం లెక్క చూసి, అమ్మ పుట్టిన యేటి సిరిమాను ఏ తేదీన వచ్చిందో తేల్చింది. తీరా చూస్తే అమ్మకి అరవై నిండుతున్నాయి. పైగా ఆ తేదీ ఈ యేడు సిరిమాను హడావుడికి దూరంగా పడింది.

“ఆ రోజు అమ్మ పొయ్యి వెలిగించడానికి వీల్లేదు. వైజాగ్ బీచ్ రోడ్డులో స్టార్ హోటల్ ఉంది. అందులో ఇటాలియన్ రెస్టారెంట్. టేబుల్ కూడా చెప్పేశాను” అంది ఫోన్లో.

“ఇటలీవోళ్ళ బువ్వ నాకెందుకే? ఆ డబ్బులెట్టి ఓ కుక్కరు కొనుక్కోవచ్చు కదా!” అంది అమ్మ.

చూశారా? పుట్టినరోజు బహుమతిగా కూడా వంటసామానే అడిగింది!

ఇటలీ మనకి కొత్తా ఏమిటి?

ఇటలీ అనగానే అమ్మ బెదిరింది గాని, ఆ మాటకొస్తే ఇటలీ మన తెలుగువాళ్ళకి ఏనాడో చుట్టం. 1971లో వచ్చిన ‘మోసగాళ్ళకు మోసగాడు’ గుర్తుందా? సెర్జియో లియోన్ లాంటి ఇటలీ దర్శకులు తీసిన కౌబాయ్ చిత్రాలకు లోకం పెట్టిన ముద్దుపేరు ‘స్పఘెట్టి వెస్టర్న్’. ఆ వరసలో పద్మాలయా వారు, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో, కృష్ణ చేత గుర్రం ఎక్కించారు. తుపాకి పేల్చించారు. కథ, మాటలు రాసింది ఆరుద్ర. ఆయన కాలేజీ చదువుకి వచ్చింది మా విజయనగరమే! అంటే మనవాళ్ళు స్పఘెట్టిని కంచంలో చూడకముందే తెరమీద చూసి ఈలలు వేశారన్నమాట.

అదే బొమ్మ 2023లో కృష్ణ పుట్టినరోజు మే 31న కొత్త హంగులతో మళ్ళీ థియేటర్లకొచ్చింది. అప్పటికి ఆయన కన్నుమూసి ఆరు నెలలు దాటింది. మనిషి లేకపోయినా పుట్టినరోజు మరిచిపోని అభిమానం మనది. గొప్ప విషయమే, కాదనను. కాని అందులో పదో వంతు ఇంట్లో ఉన్న మనిషికి దక్కాలా, వద్దా?

అన్నట్టు ఇంకో మాట. మా మహారాజా కళాశాలలో ఇంగ్లీషు చెప్పిన రోణంకి అప్పలస్వామిగారికి ఇటాలియన్ సహా యూరపు భాషలెన్నో వచ్చు. అసలు మన తెలుగుకే పాశ్చాత్యులు పెట్టిన పేరు ‘తూర్పు దేశపు ఇటాలియన్’. ఎందుకంటే రెండు భాషల్లోనూ మాటలు అచ్చుతో ముగుస్తాయి. పిజ్జా, పాస్తా, స్పఘెట్టి, రిసోటో... ఒక్కటైనా పొల్లుతో ఆగిందేమో చూడండి!

చదివింది కుడివైపే

విజయనగరం నుంచి విశాఖ దాదాపు 60 కిలోమీటర్లు. అమ్మ బీరువా అడుగునుంచి పట్టుచీర తీసింది. కారంతా కలరా ఉండల వాసన. దారిపొడుగునా ఒకటే గొడవ. “పాలు తోడెట్టానా? గేసు కట్టేశానా?”

అద్దాల తలుపు తీసి లోపలికి వెళ్ళాం. చల్లగా ఉంది. చీకటిగా ఉంది. బల్లమీద చిన్న దీపం.

“కరెంటు పోయిందేటి?” అంది అమ్మ గట్టిగానే. పక్క బల్ల వాళ్ళు తిరిగి చూశారు. అమ్మ ముడుచుకుపోయింది.

మెనూ కార్డు అట్టల పుస్తకంలా ఉంది. ఎడంవైపు పదార్థాల పేర్లు, కుడివైపు ధరలు. అమ్మ ఎడంవైపు చూడనే లేదు. కుడివైపు మాత్రం పైనుంచి కిందిదాకా చదివింది. చదివి, కార్డు మూసి, నా చెవిలో అంది: “నాకు ఆకలి లేదురా. మీరు తినండి.”

ఈ డైలాగు మీకూ తెలుసు. ప్రతి ఇంట్లోనూ అమ్మలు చెప్పేదే. ఇంట్లో కూర తక్కువైనప్పుడు చెబుతారు. ఇక్కడ ధర ఎక్కువైనప్పుడు చెప్పింది. అంతే తేడా.

చెల్లి వినిపించుకోకుండా ఆర్డరిచ్చింది. ఇటలీ వాళ్ళ భోజనం మనలా అన్నీ ఒకేసారి విస్తట్లో వడ్డించేది కాదు. రీళ్ళ లెక్కన వస్తుంది! ముందు చిరుతిళ్ళు, తర్వాత పాస్తాగాని అన్నంగాని, ఆ తర్వాత మాంసమో చేపో, చివర తీపి. పాస్తా వచ్చింది. అమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుంది.

“సరిగ్గా ఉడకలేదు. ఇంత డబ్బు తీసుకుని ఇదేటి?” అంది. మళ్ళీ పక్క బల్ల చూపులు. “ఎల్లిపోదాం పదండర్రా. ఇది మనలాంటోళ్ళ చోటు కాదు.”

నిజం చెప్పొద్దూ, నాకూ ఓ క్షణం సిగ్గేసింది. అమ్మ మాటకి కాదు, చుట్టూ ఉన్నవాళ్ళు ఏమనుకుంటారోనని. ఆ సిగ్గు తలుచుకుంటే ఇప్పుడు ఇంకా సిగ్గేస్తోంది.

“మాది పలాసండి”

ఇంతలో వడ్డన చేసే కుర్రాడు దగ్గరికొచ్చాడు. నల్లకోటు, మెడకి బో. అప్పటిదాకా ఇంగ్లీషు తప్ప మాట్లాడనివాడు కాస్తా వంగి నెమ్మదిగా అన్నాడు: “అమ్మా, మీది ఇజీనారమా? మాట ఇని పోల్చుకున్నాను. మాది పలాసండి.”

అమ్మ మొహం విప్పారింది చూడండీ! క్లైమాక్సులో తప్పిపోయిన కొడుకు దొరికినట్టే.

అక్కణ్ణుంచి ఆ కుర్రాడే మాకు గైడు. పాస్తా ఉడకకపోవడం కాదట. పంటికి కాస్త తగిలేలా దించెయ్యడమే వాళ్ళ పద్ధతి. దానికి ‘అల్ దెంతె’ అని పేరు. “అమ్మా, మీరు పులిహోరకి అన్నం పలుకు మీద దించరా? అలాగన్నమాట” అన్నాడు. అమ్మ తల ఊపింది. వంట మాట వంటతో చెబితే అర్థం కానిదేముంది?

రిసోటో వచ్చింది. అన్నాన్ని కూరల మరుగునీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ గరిటె ఆపకుండా కలుపుతారు. “కట్టెపొంగలి తమ్ముడు” అంది అమ్మ. రవియోలీ వచ్చింది. “కజ్జికాయని వేయించకుండా ఉడకబెట్టారు” అంది. టమోటా రసం నాలిక్కి తగిలాక మరి మాట్లాడలేదు, తింది!

అసలు టమోటా ఇటలీది కాదు. మన మిరపకాయ మనదీ కాదు. రెండూ కొలంబస్ ప్రయాణాల తర్వాత అమెరికా ఖండం నుంచి వచ్చినవే. టమోటా వాళ్ళింట, మిరప మనింట స్థిరపడ్డాయి. పిజ్జా మాత్రం ఏమిటి? ఒకప్పుడు నేపుల్స్ వీధుల్లో పేదవాళ్ళు చేతిలో పట్టుకు తిన్న రొట్టె. ఈ సంగతి చెబితే అమ్మ అంది: “అలాగయితే ఇది మనలాంటోళ్ళ చోటే.”

నన్ను పైకెత్తు!

చివర్లో దీపాలు తగ్గించారు. నలుగురు కుర్రాళ్ళు కొవ్వొత్తి గుచ్చిన తిరమిసు పట్టుకుని పాడుతూ వచ్చారు. కాఫీలో ముంచిన బిస్కెట్లు, మధ్య మధ్య మీగడలాంటి చీజు, పైన కోకో పొడి. తిరమిసు అంటే అర్థం ‘నన్ను పైకెత్తు’ అని పలాస కుర్రాడు చెప్పాడు.

ఇంగ్లీషు పాట అయ్యాక అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సన్నగా ఏదో కూనిరాగం తీసింది. ‘జీవన తరంగాలు’ (1973)లో సుశీలగారు పాడిన పుట్టినరోజు పాట! సుశీలగారిదీ విజయనగరమే. సంగీతం నేర్చుకున్నదీ మా మహారాజా సంగీత కళాశాలలోనే. ఆ పాట అమ్మకి పల్లవి నుంచి చివరిదాకా వచ్చునని మాకు ఆ రాత్రే తెలిసింది. ఎవరి పుట్టినరోజుకి నేర్చుకుందో, ఎన్నేళ్ళు లోపల దాచుకుందో!

“అరవై యేళ్ళకి మీ అందరితో కూచుని వేడిగా తిన్నానర్రా” అంది. చెల్లి కళ్ళు తుడుచుకుంది. నేను మెనూ కార్డు చదువుతున్నట్టు నటించాను.

బిల్లొచ్చింది. అంకె చెప్పను. చెల్లి సగం, నేను సగం. నా సగానికి రెండు వ్యాసాల పారితోషికం ఖర్చు. లేచి వస్తూ అమ్మ ఆ కుర్రాణ్ణి అడిగింది: “నువ్వు తిన్నావా బాబూ?” కుర్రాడు ఒక్క క్షణం మాట్లాడలేదు. “లేదమ్మా. మాది పదకొండు దాటాక” అన్నాడు. ఆ హోటల్లో ఎంతమంది ఎంత తిన్నారో గాని, వాణ్ణి ఆ మాట అడిగింది మాత్రం మా అమ్మే అయ్యుంటుంది.

జోలెలో పడిన ముద్ద

తిరుగు ప్రయాణంలో మా ఊరు చేరేసరికి అర్ధరాత్రి. సంగీత కళాశాల వైపు చూస్తే ఘంటసాల గుర్తొచ్చారు. ఎక్కడో కృష్ణా జిల్లా నుంచి సంగీతం కోసం వచ్చి, పూట గడవక జోలె భుజాన వేసుకుని ఇంటింటా మధూకరం ఎత్తి ఇక్కడ చదువుకున్నారాయన. డిసెంబరు 4 ఆయన పుట్టినరోజు అని మీలో చాలామందికి తెలుసు. 2022లో శతజయంతి కూడా జరిగింది. మరి ఆ జోలెలో ముద్ద వేసిన తల్లుల పేర్లు ఎవరికైనా తెలుసా? వాళ్ళ పుట్టినరోజులు ఏ డైరీలో ఉన్నాయి? ఆ గొంతు వెనక వాళ్ళ అన్నం కూడా ఉంది కదా!

మీరంతా అమ్మని స్టార్ హోటల్‌కి తీసుకెళ్ళాలని నేననడం లేదు. ముందు ఆ తేదీ కనుక్కోండి. తేదీ తెలియకపోతే ఏ పండక్కి, ఏ తుపానుకి పుట్టిందో అడగండి. మీ అభిమాన హీరో పేరు పక్కనే రాసుకోండి.

మర్నాడు పొద్దున్న అమ్మని అడిగాను, “వచ్చే యేడు ఎక్కడికెళదాం?” అని. కాఫీ గ్లాసు చేతికిస్తూ అమ్మ అంది: “ఎక్కడికీ ఒద్దు. వచ్చే యేడు సిరిమాను నాడే సెయ్యండి. నేను మేడమీద కూచుని సిరిమాను సూస్తాను. వంట మీరు సెయ్యండి.”

కనక పాఠకులకు చిన్న విన్నపం. ఇరవై విస్తళ్ళకి కందా బచ్చలి ఎలా వండాలో తెలిసినవారుంటే దయచేసి నాకు రాయండి. దసరాకి ఇంకా టైముంది!