అతివ్యాప్తి: ఆర్థిక ధ్రువపత్రాల మధ్య నిరుద్యోగ పట్టభద్రుడు - ఏర్పేడు నేపథ్యంగా ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

బి.కాం. పూర్తిచేసి ఉద్యోగం దొరకని విద్యార్థి ఒక ధ్రువపత్రం తరువాత మరొకటి సంపాదించుకుంటూ పోవడం మన కళాశాలల్లో పాఠం చెప్పేవారికి తెలియని విషయం కాదు. మొదట మ్యూచువల్ ఫండ్ల పరీక్ష, తరువాత డెరివేటివ్‌ల పరీక్ష, ఆపైన రీసెర్చ్ అనలిస్ట్ పరీక్ష, డబ్బు సమకూరితే సి.ఎఫ్.ఏ. మొదటి అంచె. వీటి పాఠ్యప్రణాళికలను పక్కపక్కన పెట్టి చూస్తే రాబడికీ నష్టభయానికీ గల సంబంధం, వివిధ పెట్టుబడి సాధనాల స్వభావం, మార్కెట్ల నిర్మాణం వంటి అంశాలు మళ్లీ మళ్లీ ఎదురవుతాయి. చదివినదే చదివి, ప్రతిసారీ కొత్తగా రుసుము కట్టే ఈ స్థితిని విద్యార్థి అవివేకంగా కొట్టివేయడం సులభం. అయితే పైకి ఒకేలా కనిపించే ఈ పత్రాలు నెరవేర్చే ప్రయోజనాలు వేరు. ఆ ప్రయోజనాలను విడదీసి చూడకపోవడమే నష్టానికి మూలమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ఏర్పేడు నేపథ్యం

రేణిగుంట, శ్రీకాళహస్తి మధ్యనున్న ఏర్పేడు మండలం 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన తిరుపతి జిల్లాలో భాగం. 2015లో ప్రారంభమైన తిరుపతి ఐ.ఐ.టి., ఐసర్ సంస్థల శాశ్వత ప్రాంగణాలు ఇక్కడే ఉన్నాయి. వికృతమాల వద్ద ఎలక్ట్రానిక్స్ పరిశ్రమలు వెలిశాయి. ఇంత జరిగినా వాణిజ్యశాస్త్ర పట్టభద్రుడికి ఈ మార్పులో దక్కిన చోటు స్వల్పం. పరిశ్రమలకు ప్రధానంగా కావలసింది సాంకేతిక విద్యార్హత. పెట్టుబడి మార్కెట్ల ఉద్యోగాలేమో ముంబయి, చెన్నై, బెంగళూరు, హైదరాబాదు వంటి నగరాల్లో ఉన్నాయి. ఊళ్లో ఉండి ఆ ఉద్యోగాలకు సిద్ధపడేవాడికి అందుబాటులో ఉన్న ఏకైక సాధనం పరీక్ష. అందుకే దాని మీద అంత భారం పడుతున్నది.

అనుమతినిచ్చే పత్రం

సెబీ 2006లో నెలకొల్పిన ఎన్.ఐ.ఎస్.ఎం. సంస్థ నిర్వహించే పరీక్షలలో అధికభాగం స్వభావరీత్యా అనుమతి పత్రాలు. 2007 నాటి సెబీ ధ్రువీకరణ నిబంధనలు వీటికి ఆధారం. ఫలానా పని చేయదలచినవాడు ఫలానా పరీక్షలో ఉత్తీర్ణుడై ఉండాలన్నది వీటి సారాంశం. మ్యూచువల్ ఫండ్లు విక్రయించేవారికి 5-ఏ శ్రేణి, ఈక్విటీ డెరివేటివ్‌ల లావాదేవీలు నిర్వహించేవారికి 8వ శ్రేణి ఉద్దేశించబడ్డాయి. మొదటిదానిలో ఉత్తీర్ణతకు 50 శాతం చాలు, తప్పు జవాబుకు మార్కులు తగ్గవు. రెండవదానికి 60 శాతం కావాలి, తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కులో నాలుగోవంతు పోతుంది. ఒక పరీక్షలో నెగ్గినంత మాత్రాన రెండవదానిలోని ఉమ్మడి అధ్యాయాలకు మినహాయింపు లభించదు. చట్టం దృష్టిలో అవి రెండు వేరువేరు పనులకు ఇచ్చే అనుమతులు, ఒకే జ్ఞానానికి రెండు కొలతలు కావు.

చరిత్రలో ఈ పునరుక్తిని తొలగించిన సందర్భమూ ఉంది. మ్యూచువల్ ఫండ్ విక్రేతల పరీక్షను పూర్వం ఆంఫీ నిర్వహించేది. 2010 జూన్ 1 నుండి ఆ స్థానంలో ఎన్.ఐ.ఎస్.ఎం. పరీక్ష వచ్చింది. అంటే ఒక పనికి ఒక పరీక్ష అనే క్రమం ఏర్పడింది. అనేక పనులకు ఉమ్మడిగా ఒక పునాది పరీక్ష ఉండవచ్చుననే ఆలోచన మాత్రం అంతదూరం సాగలేదు.

ఇక్కడ గమనించవలసిన అసలు చిక్కు కాలపరిమితి. ఈ పత్రాల చెల్లుబాటు సాధారణంగా మూడేళ్లు. ఉద్యోగం వచ్చినా రాకపోయినా ఆ గడువు కరుగుతూనే ఉంటుంది. డిగ్రీ అయిన ఏడాదే మూడు పరీక్షలు రాసినవాడికి రెండున్నరేళ్లకు ఉద్యోగం వస్తే, అతని చేతిలో మిగిలేది ఆరు నెలల అనుమతి. పైగా కొన్ని విధుల విషయంలో నిబంధనే ఉదారంగా ఉంది. బ్రోకింగ్ సంస్థల కార్యనిర్వహణ విభాగాల్లో చేరేవారికి వర్తించే 7వ శ్రేణి ధ్రువపత్రాన్ని ఉద్యోగంలో చేరిన ఏడాదిలోగా పొందితే సరిపోతుంది. నియామకం తరువాత రాయగల పరీక్షను నియామకం కోసం రాస్తున్నారన్నమాట.

అనుభవాన్ని అడిగే పత్రం

సి.ఎఫ్.ఏ., ఎఫ్.ఆర్.ఎం. వంటి అంతర్జాతీయ పత్రాల తీరు వేరు. సి.ఎఫ్.ఏ. మూడు అంచెలూ దాటినా, కనీసం 36 నెలల వ్యవధిలో 4,000 గంటల సంబంధిత వృత్త్యనుభవం చూపనిదే ఆ బిరుదు పేరు పక్కన చేరదు. ఎఫ్.ఆర్.ఎం.కు రెండేళ్ల అనుభవం కావాలి. గణాంక పద్ధతులు, బాండ్ల మూల్యాంకనం, డెరివేటివ్‌లు రెండింటికీ ఉమ్మడి. సి.ఎఫ్.ఏ. ఒక్క అంచె నమోదుకే డాలర్లలో పెద్ద మొత్తం ఖర్చవుతుంది. ఒక వ్యవసాయ కుటుంబానికి అది కుదువపెట్టిన బంగారం కావచ్చు.

బ్యాంకింగ్ రంగంలో ఈ లక్షణం మరింత స్పష్టం. 1928లో స్థాపితమైన భారతీయ బ్యాంకింగ్, ఫైనాన్స్ సంస్థ నిర్వహించే జె.ఎ.ఐ.ఐ.బి. పరీక్ష బ్యాంకు ఉద్యోగుల కోసమే. బయటివాడు ఎంత చదివినా దానికి కూర్చోలేడు. బ్యాంకులో ప్రవేశం కల్పించే ఐ.బి.పి.ఎస్. పరీక్షేమో ఈ ధ్రువపత్రాలలో దేనికీ మార్కులివ్వదు. ప్రొబేషనరీ అధికారి పదవికి డిగ్రీ, 20 నుండి 30 ఏళ్ల వయస్సు, రాతపరీక్ష, మౌఖికం, అంతే. వయోపరిమితిలో రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉన్నా, ఆ గడియారమూ ఆగదు. సప్తగిరి గ్రామీణ బ్యాంకు చిత్తూరు ప్రధాన కార్యాలయంగా పనిచేసిన కాలం ఈ ప్రాంత విద్యార్థులకు గుర్తుండే ఉంటుంది. 2025 మే 1న అది మరి మూడు బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా మారింది.

లక్షణదోషంగా ధ్రువపత్రం

మైకేల్ స్పెన్స్ 1973లో ప్రతిపాదించిన సంకేత సిద్ధాంతం ప్రకారం, విద్యార్హత యజమానికి సంకేతంగా పనిచేయాలంటే దానిని పొందడం సమర్థుడికి తేలికగా, అసమర్థుడికి భారంగా ఉండాలి. ఈ మాటను మన తార్కికుల పరిభాషలోకి తెచ్చుకుంటే విషయం మరింత తేటపడుతుందని నా అభిప్రాయం. కొమ్ములుండటం ఆవు లక్షణమంటే గేదెకూ వర్తిస్తుంది, అది అతివ్యాప్తి. కపిల వర్ణం ఆవు లక్షణమంటే తెల్లావు తప్పిపోతుంది, అది అవ్యాప్తి. సుమారు పదిహేను వందల రూపాయల రుసుముతో, సగం మార్కులతో చేతికందే పత్రం కొమ్ముల వంటిది. దరఖాస్తుదారులలో అధికుల దగ్గర అదే ఉన్నప్పుడు అది ఎవరినీ వేరుచేయదు. అలాంటివి నాలుగు చేర్చినా నాలుగు కొమ్ములే అవుతాయి. ఖరీదైన పత్రం కపిల వర్ణం వంటిది. స్తోమత లేని సమర్థుడు దాని పరిధిలోకి రాడు.

స్వయం ఉపాధి దారి

ఉద్యోగం రాకపోయినా పత్రంతో సొంతంగా బతకవచ్చుననే వాదాన్ని తోసిపుచ్చలేము. సెబీ 2024 డిసెంబరులో చేసిన సవరణలతో పెట్టుబడి సలహాదారుగా నమోదుకు అనుభవ నిబంధన తొలగింది, పట్టభద్రత సరిపోతున్నది. 150 మంది ఖాతాదారుల వరకు లక్ష రూపాయల డిపాజిట్ చూపాలి. 10-ఏ, 10-బి శ్రేణుల పరీక్షలు రెండూ కావాలి. వీటిలో మ్యూచువల్ ఫండ్ల భాగం 5-ఏ చదివినవాడికి పాత పాఠమే. మ్యూచువల్ ఫండ్ల విక్రయానికైతే 5-ఏ తరువాత ఆంఫీ వద్ద నమోదు చాలు.

అయితే లెక్క వేసి చూడాలి. నిర్వహణలో ఉన్న పెట్టుబడిపై ఏడాదికి ముప్పావు శాతం కమిషన్ వస్తుందనుకుంటే, నెలకు పదివేల రూపాయల ఆదాయానికి కోటి అరవై లక్షల రూపాయల పెట్టుబడి అతని ద్వారా నిలవాలి. చీటీలు, బంగారం, భూమి మీదే పొదుపు నడిచే పల్లెలో ఇరవై రెండేళ్ల యువకుడు అంత నమ్మకం కూడగట్టడానికి ఎన్నేళ్లు పడుతుందో ఏ పాఠ్యప్రణాళికా చెప్పదు. అతని తండ్రికో మేనమామకో ఊళ్లో ఉన్న పరపతి ఈ వృత్తిలో 5-ఏ శ్రేణి కన్నా ముందు అక్కరకొస్తుంది.

కళాశాలలో మార్గదర్శకత్వం వహించే అధ్యాపకుడు విద్యార్థిని అడగవలసినది ఏ పరీక్ష రాస్తున్నావని కాదు, ఏ పనికి దరఖాస్తు చేస్తున్నావని. పని ఏదో తేలితే, చట్టం దానికి అడిగే పత్రం సాధారణంగా ఒకటో రెండో. నియామక పత్రం చేతికి వచ్చాక కూడా రాయగలిగినవాటిని అప్పటిదాకా వాయిదా వేసి, ఆ రుసుమును, ఆ నెలలను ఐ.బి.పి.ఎస్. గణితం, తార్కికశక్తి సాధనకు మళ్లించవచ్చు. సి.ఎఫ్.ఏ. మొదటి అంచెను జీతం మొదలైన రెండో ఏడు రాసినా ఆ పుస్తకాలు అవే, అప్పటికి అనుభవ గంటలు కొన్ని చేరి ఉంటాయి.