తోట చెప్పిన పాఠము

నూజివీడు ప్రాంతమున మామిడితోటలో కాపురమున్న ఇంట పిల్లలకు చెట్టే పంచాంగము. పుష్యమాఘములలో పూత, వైశాఖమున పండు. జూనులో బడి తెరచునాటికి రుసుము, పుస్తకములు, బట్టలు అన్నియు ఆ రెమ్మలనుండియే రావలెను.

మంచు కురిసిన మరునాటి ఉదయము నల్లబడి రాలిన పూతను దోసిట పట్టి ఆరేండ్ల పిల్ల, “ఇవన్నీ కాయలు కావా నాన్నా?” అని అడుగును. “నూటికొకటి నిలిచినా చెట్టు మోయలేదమ్మా!” అని తండ్రి నవ్వును, కన్నులు మాత్రము మబ్బువంకనే ఉండును.

బంగినపల్లి చెట్టు ఒక యేడు విరగగాచి మరుసటి యేడు విశ్రమించును. ఆ సంగతి పాఠముగా చదువకముందే ఆ పిల్ల ఎరుగును. కాపు తగ్గిన యేట పాతగౌను చాలునని తల్లిని తానే ఓదార్చును. ఉపాధ్యాయులారా, రుసుము ఆలస్యమైన పిల్లను ప్రశ్నింపబోవుముందు ఆ యేటి తోట ఎట్లున్నదో తెలిసికొనుడు.