ఆబ్కారీ పద్దు, అక్షరాల పద్దు

విద్యపై ఒక శాసనసభ్యుడికున్న నిబద్ధతను పాఠశాల భవనాల ప్రారంభోత్సవాలలో కొలవలేము. బడ్జెట్ పద్దులపై చర్చ జరిగేటప్పుడు ఆయన ఏ ప్రశ్న వేశాడన్నదే అసలైన గీటురాయి. ఆ గీటురాయికి నిలిచిన ప్రసంగం ఒకటి 1927 మార్చి 12న బొంబాయి శాసనమండలిలో వినిపించింది. ఆ వక్త కొద్ది వారాల ముందే నామినేటెడ్ సభ్యుడిగా సభలో అడుగుపెట్టిన డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్. మరో ఎనిమిది రోజులకు మహద్‌లో చవదార్ చెరువు నీటిని తాకి చరిత్ర సృష్టించిన అంబేడ్కర్‌ను మనం తరచూ స్మరిస్తాము. అదే మాసంలో విద్యా గ్రాంటుపై లెక్కలతో నిలదీసిన అంబేడ్కర్‌ను మాత్రం అంతగా తలచుకోము. ఆయనకు ఆ రెండూ ఒకే పోరాటంలోని భాగాలు.

ఆనాడు ఆయన లేవనెత్తిన మొదటి అంశం డబ్బు. ప్రభుత్వం విద్యపై తలకు 14 అణాలు వెచ్చిస్తూ, ఆబ్కారీ రూపంలో అదే ప్రజల నుంచి తలకు రెండు రూపాయలకు పైగా రాబట్టుకుంటోందని ఆయన చూపించారు. మద్యం మీద తీసుకున్నంత మొత్తాన్నైనా చదువుకు తిరిగి ఇవ్వాలన్నది ఆయన వాదన. రెండవ అంశం బడిమానివేత. ప్రాథమిక పాఠశాలలో చేరిన ప్రతి వందమందిలో 18 మంది మాత్రమే నాలుగవ తరగతికి చేరుతున్నారని, మిగిలిన 82 మంది మళ్లీ నిరక్షరాస్యతలోకి జారిపోతున్నారని అధికారిక నివేదిక ఆధారంగానే ఎత్తిచూపారు. చేర్పుల సంఖ్యను చూసి సంబరపడే ప్రభుత్వాలకు అది చురక.

మూడవది విద్యా వ్యాపారం. ఆర్ట్స్ కళాశాలల ఖర్చులో 36 శాతం, ఉన్నత పాఠశాలల ఖర్చులో 31 శాతం, మాధ్యమిక పాఠశాలల ఖర్చులో 26 శాతం ఫీజుల నుంచే వస్తున్నాయని ఆయన లెక్క చెప్పారు. అట్టడుగు కులాలు అప్పుడప్పుడే బడి గడప తొక్కుతున్న వేళ చదువును ఖరీదైన సరుకుగా మార్చడం వారిని వెలివేయడమేనన్నారు. నాలుగవది కులాల మధ్య అంతరం. జనాభాలో రెండవ స్థానంలో ఉన్న వెనుకబడిన వర్గం ప్రాథమిక స్థాయి నుంచి కళాశాల వరకు చిట్టచివరన ఉంది. అసమానులను సమానంగా చూస్తే అసమానతే స్థిరపడుతుందని, కిందనున్నవారికి ప్రత్యేక తోడ్పాటు ఇచ్చినప్పుడే సమానత్వం సాధ్యమని ఆయన వాదించారు. నేరుగా చేతికిచ్చే స్కాలర్‌షిప్పుల కన్నా వసతి గృహాలపై ఖర్చు చేయడం మేలని కూడా సూచించారు. చదువుకునే వాతావరణం లేని ఇంటికి కొద్దిపాటి డబ్బు పంపినంత మాత్రాన విద్యార్థి నిలబడడని ఆయనకు తెలుసు.

ఈ ఆలోచనకు పూర్వరంగం ఉంది. 1882లో హంటర్ కమిషన్ ముందు జోతిరావు ఫూలే, రైతుల చెమట నుంచి వచ్చిన ఆదాయం పైవర్గాల ఉన్నత విద్యకు ఖర్చవుతోందని వాపోయారు. నిర్బంధ ప్రాథమిక విద్య కోసం గోఖలే 1911లో తెచ్చిన బిల్లు మరుసటి ఏడాది కేంద్ర శాసనసభలో వీగిపోయింది. స్వతంత్ర భారతంలో ఆ హక్కు 21ఎ అధికరణంగా రాజ్యాంగంలోకి రావడానికి 2002 వరకు, చట్టంగా అమలులోకి రావడానికి 2010 ఏప్రిల్ వరకు పట్టింది. అదీ ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకే. దళిత, ఆదివాసీ పిల్లలు ఎక్కువగా జారిపోయే తొమ్మిది, పది తరగతులు, ఇంటర్మీడియట్ ఆ హామీకి ఆవలే ఉన్నాయి. జాతీయాదాయంలో ఆరు శాతం విద్యకు కేటాయించాలని 1966లో కొఠారీ కమిషన్ చెప్పింది. 2020 జాతీయ విద్యావిధానం అదే అంకెను మళ్లీ వల్లించిందంటే, అర్ధ శతాబ్దానికి పైగా అది కాగితం దాటలేదనే అర్థం.

తెలుగు నేలపై వసతితో కూడిన విద్యకు మంచి వారసత్వమే ఉంది. 1971లో సర్వేల్‌లో మొదలైన గురుకుల ప్రయోగం వేలాది బడుగు బిడ్డలకు దారి చూపిన వ్యవస్థగా ఎదిగింది. అయితే గురుకుల ప్రవేశ పరీక్షలో నెగ్గిన బిడ్డ వెనుక, నెగ్గని బిడ్డలు ఊరిబడిలోనే మిగులుతున్నారు. ఉన్నవారు ప్రైవేటు బడులకు తరలిన తరువాత ఊరిబడి చాలాచోట్ల వాడబడిగా మారింది. ఓటర్లలో గొంతున్నవారి పిల్లలు అక్కడ లేనందువల్లే ఉపాధ్యాయుల ఖాళీలు సభలో సంక్షోభంగా వినిపించవు. మరోవైపు ఫీజు రీయింబర్స్‌మెంట్ బడుగులకు కళాశాల తలుపు తెరిచింది. కానీ ప్రజాధనం ప్రైవేటు యాజమాన్యాలకు చేరుతుండగా ప్రభుత్వ కళాశాలలు వట్టిపోతే ఆ తలుపు ఎంతకాలం తెరిచి ఉంటుంది? బకాయిలు పేరుకుపోయిన ప్రతిసారీ సర్టిఫికెట్ చేతికి రాక అల్లాడేది దళిత, బీసీ విద్యార్థే.

కాబట్టి నేటి శాసనసభ్యుడి ప్రాధాన్యాలు స్పష్టం. ఆబ్కారీ రాబడిని, విద్యావ్యయాన్ని పక్కపక్కన పెట్టి అడగాలి. చేర్పులను కాక, కులాలవారీగా పన్నెండవ తరగతి పూర్తిచేసినవారి లెక్కను ఏటా సభ ముందుంచమనాలి. 2013 ఉపప్రణాళిక చట్టం కింద, తెలంగాణలో 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం కింద, విద్యకు కేటాయించినదెంత, ఖర్చయినదెంత అని నిలదీయాలి. వసతి గృహాలలో భోజనం, మరుగుదొడ్లు, వార్డెన్ల ఖాళీలపై ప్రతి సమావేశంలో సమాధానం రాబట్టాలి.

నామినేటెడ్ సభ్యుడిగా, వెనుక పార్టీ బలం లేకుండా, పరాయి పాలకుల సభలో ఒక వ్యక్తి ఈ ప్రశ్నలు అడగగలిగాడు. రిజర్వుడు స్థానాల నుంచి గెలిచినవారితో సహా, ప్రజల ఓట్లతో సభకు వెళ్లిన మన ప్రతినిధులు అడగకపోవడానికి కారణమేమిటో వారి నియోజకవర్గ విద్యార్థులే తేల్చుకోవాలి.